పాటకు పక్కనున్నవారు: బాబ్ డిలన్ తొలి రికార్డులలో వాద్యకారుల పాలు

పాటకు కర్త యెవరు అను ప్రశ్నకు గ్రంథాలయపు పట్టిక యిచ్చు సమాధానము మిక్కిలి సులభమైనది. పదములు వ్రాసినవాడు కర్త. స్వరము కూర్చినవాడు వేరొకడైనచో వాని పేరు రెండవ పంక్తిలో చేరును. పాడినవాని పేరు మూడవ పంక్తి. అంతటితో పట్టిక ముగియును. ముద్రితకావ్యమునకు ఈ విధానము చాలును గాని, గ్రామఫోను రికార్డుగా లోకమునకు చేరిన పాటకు చాలదు. అట్టి పాటను సాహిత్యముగా పఠింపబూనిన పరిశోధకుడు మాటలను కాగితముపై దింపుకొని తక్కిన ధ్వనిని విడిచిపెట్టినచో, అతడు చదువుచున్నది పాటలోని ఒక పొరను మాత్రమే. విడిచిపెట్టిన పొరలలో మనుష్యుల చేతులు కలవు. ఆ చేతులకు పేరు లేకపోవుట సాహిత్యవిమర్శకు లోపము; ఇంతకంటె పెద్ద నష్టము ఆ చేతుల వారికే కలుగుచున్నది.

ఈ విషయమును పరిశీలించుటకు అమెరికా దేశపు బాబ్ డిలన్ తొలి రికార్డులకంటె తగిన ఉదాహరణము అరుదు. 2016లో నోబెల్ సాహిత్యబహుమతి ఆయనకు లభించెను. అమెరికా గేయసంప్రదాయములో నూతన కవితాభివ్యక్తులను సృష్టించినందులకు బహుమతి యిచ్చితిమని సంఘమువారు ప్రకటించిరి. ఆనాటినుండి విశ్వవిద్యాలయములలో ఆయన పాటలు పద్యములవలె పాఠ్యభాగములగుట హెచ్చినది. మాటలను విడదీసి, ప్రతీకలను వివరించి, బైబిలునుండియు, జానపద గాథలనుండియు వచ్చిన పలుకుబళ్లను గుర్తించుచున్నారు. ఇది యెంతయు మెచ్చదగిన పనియే. అయితే 2017లో సమర్పించిన నోబెల్ ఉపన్యాసములో డిలన్ స్వయముగా చెప్పిన మాట వేరు. షేక్స్పియర్ నాటకములు ప్రదర్శించుటకు వ్రాసినవి గాని చదువుటకు వ్రాసినవి కానట్లే, పాటలు పాడుటకు పుట్టినవని ఆయన అభిప్రాయము. కవి యంతటివాడే ఇట్లు హెచ్చరించినప్పుడు, పాడిన గదిలో ఆయనతోపాటు మరి యెవరుండిరో విచారించుట పరిశోధకుని విధి కాదా?

తొలి రికార్డులో ఎవరును లేరు. 1961 నవంబరులో రెండు దినములలో న్యూయార్కు నగరమున కొలంబియా సంస్థవారి స్టూడియోలో ముద్రితమై, 1962 మార్చిలో వెలువడిన ఆ సంపుటములో ఉన్నది ఒక కంఠము, ఒక గిటారు, ఒక మౌతార్గన్. పదమూడు పాటలలో డిలన్ స్వయముగా రచించినవి రెండు మాత్రమే. తక్కినవి పారంపరికములు, పరకీయములు. జాన్ హామండ్ నిర్మాత. ఒంటరి గాయకుడు అను మాటకు ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణము దొరకదని తోచును. అయినను ఆ సంపుటములోనే ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ అను పాత పాట యొకటి కలదు. దానికి డిలన్ వాడిన గిటారు కూర్పు, మెట్లుమెట్లుగా దిగివచ్చు మంద్రస్వరములతో సహా, డేవ్ వాన్ రాంక్ అను గాయకునిది. గ్రీనిచ్ విలేజి గాయకులలో పెద్దవాడైన వాన్ రాంక్ దానిని తానే రికార్డు చేయదలచియుండెను. డిలన్ ముందు రికార్డు చేసి, తరువాత అనుమతి యడిగినట్లు వాన్ రాంకే చెప్పియున్నాడు. ఆపైన వాన్ రాంక్ ఆ పాటను పాడినప్పుడెల్ల డిలన్‌ను అనుకరించుచున్నాడని శ్రోతలనిరట. ఆయన పాడుట మానెను. 1964లో ఆనిమల్స్ అను ఇంగ్లండు బృందము అదే పాటను ప్రచారములోనికి తెచ్చిన పిదప, డిలన్ వారిని అనుకరించుచున్నాడని శ్రోతలనిరి, ఆయనయు మానెను. పాట పదములు ఎవరివియు కావు గనుక ఇందు కవిత్వచౌర్యము లేదు. పోయినది వ్రేళ్లపని. వ్రేళ్లపనికి కర్తృత్వము లేదని అందరును అంగీకరించిన లోకములోనే ఇది హాస్యకథగా మిగులును.

రెండవ సంపుటము 1963 మే నెలలో వచ్చినది. దీనితో డిలన్ రచయితగా స్థిరపడెను. ఇందులోను దాదాపు అన్ని పాటలను ఒంటరిగనే పాడెను. ‘కొరీనా, కొరీనా’ అను ఒక్క పారంపరిక గీతమునకు మాత్రము వెనుక డ్రమ్ములు, బేస్ మున్నగు వాద్యములు మెల్లగా వినిపించును. ఆ పాటలో గిటారు వాయించినవారిలో బ్రూస్ లాంగ్‌హార్న్ ఒకడు. ఇతని విషయము కొంత నిలిచి చెప్పదగినది.

లాంగ్‌హార్న్ 1938లో ఫ్లారిడాలో పుట్టి న్యూయార్కులోని హార్లెమ్ ప్రాంతమున పెరిగిన నీగ్రోజాతి వాద్యకారుడు. నేటి పరిభాషలో ఆఫ్రికన్ అమెరికన్. బాల్యమున వయొలిన్ నేర్చుచుండగా బాణసంచా ప్రమాదమున కుడిచేతి బొటనవ్రేలిలో చాలభాగమును, మరి రెండు వ్రేళ్లలో కొంతకొంతయు పోయెను. వయొలిన్ ముగిసెను, గిటారు పట్టెను. పూర్ణమైన చేయి గలవాడు జానపదగానమునకు వాయించు నిండు మీటు అతనికి సాధ్యము కాదు. అందువలన అతడు తక్కువ స్వరములను ఎన్నుకొని, గాయకుని పంక్తి ముగియు చోట, లేదా ఊపిరి తీయు చోట, చిన్నచిన్న ప్రతిస్వరములను అందించు పద్ధతిని పెంపొందించుకొనెను. ఓడెట్టా మొదలగు గాయకులకు అతడు ఈ విధముగనే సహకరించెను. అవిటితనము ఒక శైలిగా మారుట కళాచరిత్రలో క్రొత్త కాదు గాని, ఇక్కడ ఆ శైలి మరొకని పాటలో భాగమైనది.

1965 జనవరిలో డిలన్ అయిదవ సంపుటమైన ‘బ్రింగింగ్ ఇట్ ఆల్ బాక్ హోమ్’ మూడు దినములలో ముద్రితమయ్యెను. దీనిని గూర్చి సాహిత్యచరిత్రలలో వాడుకలోనున్న వాక్యము ఒకటి: రికార్డు మొదటి ముఖము విద్యుద్వాద్యబృందముతో కూడినది, రెండవ ముఖము ఒంటరి గానము. చెవితో విని చూచినచో రెండవ భాగము సత్యము కాదు. రెండవ ముఖమున మొదటి పాటయైన ‘మిస్టర్ టాంబురిన్ మాన్’లో డిలన్ గిటారుకు ప్రక్కన లాంగ్‌హార్న్ విద్యుద్గిటారు మొదటినుండి తుదివరకు నడచుచునే యుండును. అదే ముఖమున చివరి పాటలో విలియం లీ అను జాజ్ వాద్యకారుని బేస్ కలదు. ఒంటరితనము అను భావము శ్రోతకు కలుగునట్లు వాయించుటయే వారి నేర్పు. ఆ నేర్పు ఎంత సఫలమైనదనగా, తరువాతివారు వారిని లెక్కలోనే చేర్చలేదు.

ఈ పాటకు పూర్వచరిత్ర కూడ కలదు. 1964 జూన్‌లో నాలుగవ సంపుటమునకై ఒక్క రాత్రిలో పాటలన్నియు ముద్రించినప్పుడు ‘టాంబురిన్ మాన్’ను గూడ యత్నించిరి. జాక్ ఇలియట్ అను గాయకుడు గొంతు కలిపెను. ఆ యత్నము సంపుటములో చేరలేదు. మాటలు అప్పటికే సిద్ధముగా నుండెను. పాట మాత్రము ఏడు నెలల పిదప, మరొక వాద్యకారుని ప్రక్కన, లోకమునకు వచ్చెను. వ్యత్యాసమంతయు లాంగ్‌హార్న్ వలననే అనుట అతిశయోక్తి. అతడు లేని పాఠమును, ఉన్న పాఠమును ఒకటేయని భావించుట మాత్రము పాఠపరిష్కర్తలు చేయదగిన పని కాదు. తాళపత్రములలో ఒక్క అక్షరభేదమునకు అధోజ్ఞాపిక వ్రాయు శాస్త్రము, రెండు వాద్యముల భేదమును చూడకుండుట వింత.

ఇంకొక విశేషము. ఈ పాటలోని తప్పెటవానికి ప్రేరణ లాంగ్‌హార్నే యని 1985లో వెలువడిన సంకలనపు వివరణములో డిలన్ స్వయముగా తెలిపెను. లాంగ్‌హార్న్ ఒక పెద్ద తురుష్క తప్పెటను, లోపల చిరుగంటలు కట్టినదానిని, తరచుగా వెంట తెచ్చుచుండెడివాడు. అనగా ఈ పాటలో అతడు రెండు చోట్ల నున్నాడు: సంబోధింపబడినవాడుగా ఒకచోట, ప్రతివచనమిచ్చు గిటారుగా మరొకచోట. విమర్శకులు మొదటి విషయమును ముచ్చటగా ఉదాహరింతురు. రెండవదానిని ప్రస్తావించువారు తక్కువ. పాటలోని పాత్రకు గల గౌరవము పాటలోని పనివానికి లేదు.

ఛందోదృష్టితో చూచినచో మరింత గట్టి నిదర్శనము 1965 జూన్ 15, 16 తేదీలలో ముద్రితమైన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’. మొదటి దినము ఈ పాటను మూడు మాత్రల నడకలో, వాల్ట్జ్ రీతిగా యత్నించిరి. ఆ యత్నములు 2015లో ప్రకటితములైనవి గనుక ఎవరైనను వినవచ్చును. మరునాడు అదే పాట నాలుగు మాత్రల నడకలో నిలిచెను. ఆ దినపు నాలుగవ ఆవృత్తియే లోకప్రసిద్ధమైనది. తెలుగు లాక్షణికునికి ఇది చిన్న మార్పు కాదు. రగడలలో తురగవల్గనము త్రిమాత్రాగణములతో నడచును. మధురగతి చతుర్మాత్రాగణములతో నడచును. గతి మారినప్పుడు మన లక్షణగ్రంథములు ఛందస్సు పేరునే మార్చును. తెలుగులో ఆ గతి అక్షరముల గురులఘువులలోనే యుండును. కాగితముపై నున్నను కనబడును. ఆంగ్లగేయములో ఊనిక ప్రధానమగుటచే ఒకే మాటలు రెండు నడకలకును లొంగును. కావున అచ్చులో చదువువానికి ఏ భేదమును కనిపింపదు. ఆ రెండు దినముల నడుమ పాట ఛందస్సు మారినదనుటకు సాక్ష్యము రికార్డు ఒక్కటే. మార్చినవారు ఆ గదిలో కూర్చున్న డిలన్, డ్రమ్ముల బాబీ గ్రెగ్, గిటారు మైక్ బ్లూమ్‌ఫీల్డ్, పియానో పాల్ గ్రిఫిన్ మొదలగువారు కలసి. ఛందస్సును నిర్ణయించినవారిని కవిత్వవిచారమునుండి బహిష్కరించుట యే న్యాయము?

అదే గదిలో ఆల్ కూపర్ అను యువకుడుండెను. నిర్మాతయైన టామ్ విల్సన్ ఆహ్వానముపై చూచుటకు వచ్చినవాడు. గిటారు వాయింపవలెనని కోరికతో వచ్చి, బ్లూమ్‌ఫీల్డ్ వాయించుట విని తన గిటారును పెట్టెలో పెట్టివేసెను. పాల్ గ్రిఫిన్ ఆర్గన్ విడిచి పియానోకు మారగా, ఖాళీయైన ఆర్గన్ దగ్గర కూపర్ పోయి కూర్చుండెను. ఆ వాద్యమున అతనికి పెద్ద పరిచయము లేదు. తక్కినవారు ఏ స్వరసమూహమునకు పోవుచున్నారో ముందు విని, ఆపైన తాను మీట నొక్కెను; అందుచేత ఆర్గన్ ఒక్క రవ్వ వెనుకగా పలికెను. ముద్రణను తిరిగి విన్నప్పుడు డిలన్ ఆ ఆర్గన్ ధ్వనిని హెచ్చింపుమనెను. నేడు ఆ పాటను తలచినవారికి మొదట చెవిలో మెదలునది ఆ ఆర్గనే. కూపర్ కథను ఆయనయే పలుమారులు రసవత్తరముగా చెప్పుటచే అది ప్రసిద్ధమైనది. గ్రిఫిన్ కథ అట్లు ప్రసిద్ధము కాలేదు. అతడు తన ఆసనము విడువనిచో కూపర్ కథయే లేదు. ఆ పాటలోని పియానో కూడ సామాన్యమైనది కాదు. కథ చెప్పగలిగినవాడు చరిత్రలో నిలుచును. పని ముగించుకొని యింటికి పోయినవాడు నిలువడు. మౌఖికచరిత్రను ఆధారముగా గైకొను పరిశోధకులు ఈ వాలును గుర్తెరిగి నడువవలెను.

వాద్యము మారినంతమాత్రమున పాట మారునా యని సందేహించువారికి, డిలన్ పరిధినుండి ఒక్క అడుగు ప్రక్కకు వేసినచో, ప్రయోగశాలలో చేసినట్టి నిదర్శనము దొరకును. సైమన్, గార్‌ఫంకెల్ అను జంట 1964లో వెలువరించిన తొలి సంపుటములో ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ అను పాట గిటారుతో మాత్రమే యుండెను. సంపుటము అమ్ముడుపోలేదు, జంట విడిపోయెను. 1965 వేసవిలో ఇదే టామ్ విల్సన్, గాయకులకు తెలియజేయకయే, ఆ పాత ముద్రణపై విద్యుద్గిటారు, బేస్, డ్రమ్ములు చేర్పించెను. డ్రమ్ములు వాయించినవాడు ఇదే బాబీ గ్రెగ్. 1966 జనవరిలో ఆ పాట అమెరికాలో ప్రథమస్థానమునకు చేరెను. జంట తిరిగి కలిసెను. మాట మారలేదు, స్వరము మారలేదు, కంఠములు అవే. మారినది కూలికి వచ్చిన వాద్యకారుల పని యొక్కటే. ఇక బర్డ్స్ అను బృందము 1965లో పాడిన ‘టాంబురిన్ మాన్’ సంగతి విచిత్రతరము: రికార్డుపై బృందము పేరుండెను గాని, వాద్యములలో ఆ బృందమువారిది మెగ్విన్ గిటారు మాత్రమే, తక్కినవన్నియు లాస్ ఏంజెలిస్ స్టూడియో వాద్యకారులవి.

1966 ఫిబ్రవరి, మార్చి నెలలలో డిలన్ ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ నిమిత్తము దక్షిణమునకు, నాష్‌విల్ నగరమునకు పోయెను. అచ్చటి వాద్యకారులు న్యూయార్కు జానపదగాయకుల లోకమునకు చెందినవారు కారు. గ్రామీణ సంగీతపు రికార్డులకు రోజుకు పలు కూర్పులలో పనిచేయువారు. మూడు గంటలు ఒక కూర్పు. ఆ మూడు గంటలలో నాలుగు పాటలు ముగియవలెనని అచ్చటి ఆచారము. వారు స్వరలిపి చూచి వాయించెడివారు కారు. జోర్డనేర్స్ గాయకబృందమునకు చెందిన నీల్ మాథ్యూస్ కల్పింపగా చార్లీ మెకాయ్ మొదలగు వాద్యకారులు పెంపొందించిన అంకెల సంకేతము వారికి సాధనము. షడ్జము ఏ శ్రుతిలో నున్నను దానిని ఒకటిగా నెంచి, తక్కిన స్వరసమూహములను రెండు, మూడు, నాలుగు అని గుర్తింతురు. గాయకుడు శ్రుతి మార్చినను కాగితము మార్చనక్కరలేదు. సరిగమలతో పెరిగిన భారతీయునికి ఇందలి తత్త్వము వేరుగా వివరింప బనిలేదు. నాష్‌విల్ స్టూడియోలలో ఈ పద్ధతి నేటికిని నడచుచున్నది.

ఇట్టి క్రమశిక్షణకు అలవడినవారు ఫిబ్రవరి 15 సాయంకాలము స్టూడియోకు వచ్చి కూర్చుండిరి. డిలన్ పాట ఇంకను వ్రాసికొనుచుండెను. వాద్యకారులు పేకాడుచు, కునుకు తీయుచు గంటలు గడపిరి. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతమున వారిని పిలిచి, పాట నడకను సూచనప్రాయముగా చెప్పి, ముద్రణ ప్రారంభించిరి. అది ‘శాడ్ ఐడ్ లేడీ ఆఫ్ ద లోలాండ్స్’. రెండు మూడు నిమిషములలో ముగియు పాటలకు అలవాటుపడిన డ్రమ్ముల కెనీ బట్రీ మొదలగువారు, ప్రతి పల్లవిని చివరి పల్లవిగా భావించి వాద్యమును పెంచిరి, పాట ముగియలేదు, తిరిగి తగ్గించిరి, మరల పెంచిరి. ఇట్లు పదునొకండు నిమిషములకు పైగా సాగెను. రికార్డులో ఒక ముఖమంతయు ఆ పాటయే. అందు అలలవలె లేచి పడు ఆ గతిని కవి ముందుగా నిర్ణయించినది కాదు. అది వాద్యకారుల నిరీక్షణ. విమర్శకులు ఆ పాటలోని అనంతత్వభావమును గూర్చి పుటలు వ్రాసిరి. ఆ భావములో కొంత భాగము, ఎప్పుడు ముగియునో యెరుగని అలసిన మనుష్యుల చేతులనుండి పుట్టినది.

వారి పేర్లు ఆ రికార్డు పెట్టెపై అచ్చయినవి: మెకాయ్, బట్రీ, వేన్ మాస్, జో సౌత్, హెన్రీ స్ట్రెజెలెకీ, జెరీ కెనెడీ, చూపులేని పియానో విద్వాంసుడు హార్గస్ రాబిన్స్ మున్నగువారు, వారితో న్యూయార్కునుండి డిలన్ వెంట వచ్చిన కూపర్, రాబీ రాబర్ట్‌సన్. ఆ కాలమునకు ఇది గొప్ప మర్యాద. ఏ పాటలో ఎవరు వాయించిరో మాత్రము వేరుపరుపలేదు. అయినను ఫలము కలిగెను. పేర్లు చదివిన ఇతర గాయకులు నాష్‌విల్‌కు దారి తీసిరి. లెనార్డ్ కోహెన్ 1969 నాటి సంపుటమును అచ్చటనే ముద్రించెను. డిలన్ స్వయముగా 1967లో మరల పోయి, మెకాయ్ బేస్, బట్రీ డ్రమ్ములు, రెండు పాటలలో పీట్ డ్రేక్ స్టీలు గిటారు, ఇంతమాత్రము సాధనములతో ‘జాన్ వెస్లీ హార్డింగ్’ను కొలది గంటలలో ముగించెను. ముగ్గురితో ముద్రించిన ఆ రికార్డు డిలన్ రచనలలోకెల్ల పొదుపైనది. పదముల పొదుపునకును వాద్యముల పొదుపునకును గల చుట్టరికము ఇందు కనబడినంత స్పష్టముగా మరొకచోట కనబడదు. ఒక పెట్టెపై అచ్చయిన పది పేర్లు ఒక ఊరి వృత్తిని మార్చినవి.

పేరు అచ్చుకానిచో ఏమగును? ఇందులకు డిలన్ రికార్డులలోనే ఉదాహరణము కలదు, కొంచెము తరువాతి కాలమునది. 1974 డిసెంబరు చివర, ‘బ్లడ్ ఆన్ ద ట్రాక్స్’ వెలువడుటకు ముందు, డిలన్ మినియాపొలిస్‌లో స్థానిక వాద్యకారులతో అయిదు పాటలను తిరిగి ముద్రించెను. రికార్డు అట్టలు అప్పటికే అచ్చయి యుండెను. వానిపై న్యూయార్కు వాద్యకారుల పేర్లే నిలిచెను. మినియాపొలిస్ వారి పేర్లు అధికారికముగా చేరుటకు 2018లో ఆ ముద్రణల సమగ్రసంపుటము వచ్చువరకు, అనగా నలుబది మూడు సంవత్సరములకు పైగా, పట్టినది. ఆ నడుమ ఆ పాటలను వినినవారందరును ఇతరుల చేతులను మెచ్చుకొనిరి.

ఈ వాదమునకు రాదగిన ఆక్షేపణలలో బలమైనది యొకటి. వాద్యకారులు ఎవరైనను పాట డిలన్‌దే. 1964లో వెలువడిన రెండు సంపుటములలో ఏ వాద్యకారుడును లేకయే మహాగీతములు పుట్టినవి. అదే నాష్‌విల్ వాద్యకారులు అంతకుముందు వందలకొలది పాటలకు వాయించిరి గదా, అవన్నియు ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ ఏల కాలేదు? ఈ ప్రశ్న న్యాయమైనది. వాద్యకారుని సహకవిగా కీర్తించుట మరొక విధమైన అసత్యము. వారిలో పెక్కుమంది తమ్ముతాము పనివారుగనే భావించిరి. అయితే సహకవి, సేవకుడు అను రెండు పదములే నిఘంటువులో నున్నవనుకొనుట పొరపాటు. మన సంప్రదాయమునకు మూడవ పదము తెలియును: పక్కవాద్యము. ఆకాశవాణిలో కచేరి ప్రసారమైనప్పుడు గాయకుని పేరుతోపాటు వయొలిన్, మృదంగ విద్వాంసుల పేర్లు ప్రకటింతురు. ఎవరును దీనివలన గాయకునికి లోటు కలిగెనని యనుకొనలేదు. బుర్రకథలో కథకుడు నాయకుడే. ఇరుప్రక్కల వంతలు లేనిచో కథ నడువదు. హాస్యపు వంత, రాజకీయపు వంత అను విభాగముతో వారి పని యెట్టిదో కూడ నిర్ణీతమై యున్నది. ఒగ్గుకథలో డోలు లేక కథయే లేదు.

ఈ ఎరుక గల సంప్రదాయమునకు వారసులైన పండితులే, ఆ కళారూపములను అచ్చులోనికి దించునప్పుడు, పాశ్చాత్య గ్రంథపట్టికను అనుసరించుట విచారకరము. జానపదగేయ సంకలనములలో సేకర్త పేరుండును. పాడినవారి పేరు కొన్నింట నుండును, కొన్నింట ఊరి పేరు మాత్రముండును. డప్పు వాయించినవాని పేరు సాధారణముగా కానరాదు. చలనచిత్రగీతముల రికార్డులపై గాయకుడు, కవి, సంగీతదర్శకుడు, చిత్రము అని నాలుగు పేర్లుండెడివి. మదరాసు స్టూడియోలలో దశాబ్దములపాటు వయొలిన్లు, వేణువులు, తబలాలు వాయించినవారు ఆ నాలుగింటిలో ఎక్కడను లేరు. ఆ పాటల సాహిత్యముపై సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్నారు; ఆ పాటలను వాయించినవారి పట్టికను సిద్ధముచేయుట ఆ సిద్ధాంతవ్యాసములకంటె తక్కువ పని కాదు. క్షేత్రపరిశోధనలో ముద్రించిన ప్రతి ధ్వనిపత్రమునకు వాయించినవారి పేరు, వాద్యము, ఏ పాటలో అను మూడు వివరములు చేర్చుట శాఖలకు భారము కాదు.

పేరు అనునది కేవలము మర్యాద కాదు. 2012లో భారతీయ కాపీరైటు చట్టమునకు చేసిన సవరణములో, ప్రదర్శకులకు వాణిజ్యోపయోగమునుండి రాయల్టీ పొందు హక్కు ఏర్పడినది. చట్టములోని ప్రదర్శకుడను నిర్వచనములో వాద్యకారుడును చేరియున్నాడు. అదే సవరణము ఒక మినహాయింపును గూడ చేర్చెను: చలనచిత్రములో ఎవని ప్రదర్శన యాదృచ్ఛికమో, ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆచారమున ఎక్కడను పేరు చూపబడదో, వానిని ప్రదర్శకునిగా పరిగణింపరాదు, తన ప్రదర్శనను వికృతపరుపరాదని కోరు హక్కు మాత్రము వానికి మిగులును. ఏ పని ఆనుషంగికమో న్యాయస్థానములు తేల్చవలసినదే. అయినను ఈ వాక్యపు పోకడను గమనింపవలెను. పేరు లేకపోవుట ఇక్కడ హక్కు లేకపోవుటకు ఒక లక్షణమైనది. ఆచారముగా పేరు వేయనివారే, పేరు లేదన్న కారణమును ఎదుటివానిపై ప్రయోగింపగల స్థితి యేర్పడినది.

అమెరికాలో లెక్క వేరు రీతిగా నున్నది. సాధారణ రేడియో ప్రసారమునకు గాయకునికి గాని వాద్యకారునికి గాని రుసుము చెల్లింపవలెనను నియమము అచ్చట లేదు. 1995 నాటి చట్టముతో అంకరూప ప్రసారములకు రుసుము ఏర్పడినది. అందు నూటికి యేబది ముద్రణహక్కుదారునికి, నలుబది యయిదు ప్రధానగాయకునికి. మిగిలిన అయిదులో సగము, అనగా రెండున్నర వంతులు, పేరు ముందుకురాని వాద్యకారులందరికి కలిపి. వాద్యకారుల కార్మికసంఘము కుదిర్చిన గంటల వేతనమునకు పనిచేసి పోయినవారికి ఇది స్వల్పమైనను గుర్తింపే. పంచుటకు మొదట కావలసినది పేర్లపట్టిక. 2020లో డిలన్ తన గేయరచనల హక్కులను యూనివర్సల్ సంస్థకును, 2021లో ధ్వనిముద్రణల హక్కులను సోనీ సంస్థకును విక్రయించెను. ఈ రెండు విక్రయములలోను అమ్మినవాడు ఒక్కడే. చట్టము దృష్టిలో అది సక్రమమే. పాటలోనికి వినుచు పోవువానికి మాత్రము ఆ ఒక్కనితోపాటు పలువురు వినబడుచుందురు.

లాంగ్‌హార్న్ 2017 ఏప్రిల్‌లో మరణించెను. అతని తురుష్క తప్పెట, 2022లో ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరములో తెరచిన బాబ్ డిలన్ కేంద్రములో ప్రదర్శనకు ఉంచబడినది. గాజు పెట్టె వెనుక దానిని చూడవచ్చును. అతని గిటారు పని మాత్రము ప్రదర్శింపదగిన వస్తువు కాదు. ‘టాంబురిన్ మాన్’ రికార్డును పెట్టి, కంఠము ఆగిన చోట్ల చెవి నిలుపవలసియుండును.